‘టక్’మనాలె

జగిత్యాల టవర్ సర్కిల్‌కు కూతవేటు దూరంలో ఉన్నారు మీరు. పొద్దున ఎనిమిది కాలేదు. పక్క దుకాణాలు ఇంకా తెరవలేదు. ఈ షాపు షట్టర్ మాత్రం నడుమెత్తు దాకా లేచి ఆగింది, వంగి లోపలికి దూరాలి. దూరగానే తడిసిన రబ్బరు, పాత సర్ఫు కలిసిన వాసన. నేల మీద నాలుగు డ్రమ్ములు, మూలకు తలుపు ఊడదీసిన ఫ్రంట్ లోడ్ వాషింగ్ మిషన్ ఒకటి. మెకానిక్ స్టూలు మీద కూచుని, అరచేతిలో ఇమిడే నల్లటి ప్లాస్టిక్ డబ్బీ అంచులోకి సన్న స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పుతున్నాడు.

“నాతోటి వస్తనంటిరి గద సారూ, ముందుగాల గిది సూడుండ్రి. దీని కడుపుల ఏమున్నదో తెలుస్తే నేను జేసే పని మీకు సమజైతది.”

పటుక్కున మూత లేస్తుంది. ఇది డోర్ లాక్. ఫ్రంట్ లోడ్ మిషన్ తలుపు కొక్కెం వచ్చి దూరేది దీంట్లోకే. లోపల చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. అటూ ఇటూ జరిగే ప్లాస్టిక్ పలక ఒకటి. చిటికెన వేలి గోరంత బూడిద రంగు బిళ్ల ఒకటి. బిళ్లకు ఆనుకుని పల్చటి లోహపు రేకు, రేకు కొస దగ్గర చిన్న పిన్ను. బయటికి మూడు కాళ్లు, వైర్ల కప్లర్ తగిలించడానికి.

బిళ్ల పింగాణీ జాతిది, బేరియం టైటనేట్‌తో చేస్తారు. మెకానిక్‌ల నోట అది పీటీసీ. కరెంటు తగలగానే వేడెక్కుతుంది. ఒక హద్దు దాటాక దాని నిరోధం అమాంతం పెరిగిపోయి, లోపలికొచ్చే కరెంటును తానే తగ్గించుకుంటుంది. అందుకే గంటసేపు కరెంటులో ఉన్నా మాడిపోదు. దాన్ని ఆనుకున్న రేకు రెండు వేర్వేరు లోహాలను అతికించి చేసింది. వేడికి రెండూ ఒకే తీరుగా సాగవు కాబట్టి రేకు వంగుతుంది. ఇస్త్రీ పెట్టె చాలినంత కాగగానే తనంతట తాను ఆగేది కూడా ఇలాంటి రేకుతోనే. ఈ తరహా రేకును మొదట చేసినవాడు 18వ శతాబ్దపు ఇంగ్లండులో వడ్రంగిగా బతుకు మొదలుపెట్టిన జాన్ హారిసన్. ఎండకూ చలికీ ఓడ గడియారం టైము తప్పకుండా ఉండాలని ఆయన పడ్డ తిప్పల్లోంచి పుట్టింది.

మెకానిక్ స్క్రూడ్రైవర్ కొసతో రేకును నొక్కి చూపిస్తాడు. రేకు వంగగానే రెండు పనులు జరుగుతాయి. పిన్ను లేచి పలకకు అడ్డం పడుతుంది, ఇక కొక్కెం బయటికి రాదు. అదే ఊపులో లోపలి పాయింట్లు కలిసి, మూడో కాలి గుండా బోర్డుకు కరెంటు అందుతుంది. తలుపు బిగిసిందని బోర్డుకు తెలిసేది ఆ కరెంటుతోనే. అది రానంతవరకు నీళ్లు దిగవు, డ్రమ్ము తిరగదు. స్టార్ట్ నొక్కిన రెండు మూడు సెకన్లకు మీకు వినపడే ‘టక్’ ఇదే.

“మరి ఇది ఎందుకు పోయింది?” అంటారు మీరు.

జవాబు చెప్పడు. మీటరు తీసి ఓముల మీద పెడతాడు. రెండు ముళ్లూ బిళ్ల తాలూకు కాళ్లకు ఆనిస్తాడు. తెర మీద ‘ఓఎల్’ అని వస్తుంది, అంటే దారి తెగిపోయిందని. డ్రాయర్‌లోంచి ఇంకో లాకు తీసి అదే కాళ్ల మీద పెడితే 1040 ఓములు. చల్లగా ఉన్నప్పుడు కొన్ని వందల ఓముల నుంచి పదిహేను వందల దాకా ఏది చూపించినా బిళ్ల బతికే ఉన్నట్టు. మూడో కాలి దగ్గర మాత్రం దారి తెగే కనపడాలి. చల్లటి లాకులో అక్కడ దారి కలిసి ఉంటే పాయింట్లు కాలి అతుక్కుపోయాయన్నమాట. అలాంటి లాకు తలుపు తెరిచి ఉన్నా బిగిసిందని చెబుతుంది.

“అబద్ధమాడే లాకు. సచ్చిపోయిన లాకు కంటె డేంజర్” అంటాడు, రెండిట్నీ వేర్వేరు డబ్బాల్లో వేస్తూ.

మిషన్ ఆగాక బిళ్ల చల్లారి రేకు మళ్లీ తిన్నగా కావడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. కొత్త రకాల్లో బిళ్ల బదులు చిన్న కాయిలు ఉంటుంది, అది వెంటనే విడిచిపెడుతుంది. మన ఇళ్లలో ఎక్కువగా ఉన్నది బిళ్ల రకమే.

“ఉతుకుడు అయిపోయిందని పాట వస్తది సూడుండ్రి, అప్పుడే తలుపు గుంజుతరు. రాదు. ఇంక జోరుగ గుంజుతరు. పిడి ఇరుగుతది. నాకు ఫోన్ జేస్తరు. రొండు నిమిషాలు ఓపిక పడితే నాకు గిరాకి ఏడిది?”

అనుకున్నంతలోనే ఫోన్ మోగుతుంది. కోరుట్ల నుంచి. తలుపు తీస్తలేదట.

*

నిజామాబాద్ వెళ్లే 63వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతారు. మీరు బండి వెనక, మీ ఒళ్లో సామాన్ల సంచి. చల్‌గల్ మామిడి మార్కెట్, తర్వాత మేడిపల్లి. దారికి రెండు పక్కలా వరి. మెకానిక్ హెల్మెట్‌లోంచే అరుస్తూ చెబుతుంటాడు: ఈ ఊళ్లల్ల ఇప్పటికీ సెమీ ఆటోమేటిక్‌లు మస్తు. వాటికి ఈ పంచాయితీ లేదు. ఎండబెట్టే డబ్బా మూత ఎత్తితే కరెంటు కట్ అయితది, బ్రేకు పడుతది, అంతే. ఫ్రంట్ లోడ్‌కు అట్ల కుదరదు. తలుపు ముందర ఉన్నది, నీళ్లు తలుపు మీదికి ఉంటయి. తెరుచుకుంటే ఇల్లు చెరువే.

కోరుట్లలో బస్టాండు దాటి రెండు సందులు తిరిగితే ఆ ఇల్లు. అరుగు మీద ముగ్గురు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తున్నారు. తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, కొస మడిచి దారం కట్టడం. తల వంచి మాట్లాడుతున్నా చేతులు ఆగవు. వాళ్లలో ఒకామె చాట పక్కన పెట్టి లేస్తుంది.

“పొద్దుగాల ఏసిన తమ్మీ. నడిమిట్ల ఆగిపోయింది. తలుపు గుంజితే వస్తలేదు. మా మరిది దారం పెట్టి తీసుడు యూట్యూబుల సూసిండట, బీడీల దారంతోని గుంజిండు. దారం తెగింది గని తలుపు రాలే.”

మెకానిక్ నవ్వు ఆపుకుంటాడు. దారం కిటుకు ఉన్నమాట నిజమే. తలుపుకూ బాడీకీ మధ్య సందులోకి గట్టి నైలాన్ దారం దింపి, కొక్కెం వెనక నుంచి లాగితే కొన్ని మోడళ్లలో తెరుచుకుంటుంది. కానీ బీడీ దారం చుట్టిన ఆకును పట్టుకోవడానికే, కొక్కేన్ని లాగడానికి కాదు. పైగా ఇప్పుడు తెరుచుకుంటే ఏమయ్యేదో మీకు అద్దంలోంచి కనపడుతూనే ఉంది. డ్రమ్ములో జానెడు ఎత్తున నురగ నీళ్లు నిలిచి ఉన్నాయి.

ఆమె చేతిలోని ఫోన్‌లో అప్పటికే ఒక ముఖం ఉంది. దుబాయ్ నుంచి భర్త. వీడియో కాల్‌లో వెనక పెద్ద పెద్ద స్టీలు డ్రమ్ములు తిరుగుతున్నాయి, ఆయన పనిచేసేది లాండ్రీలోనే. “అన్నా, డోర్ లాక్ పోయింది. మార్చున్రి. పైసలెంతయినా పంపుత. ఈడ మేము వంద కిలోల మిషిన్లు నడిపేటోళ్లం, నాకు తెల్వదా?”

“సూద్దాం అన్నా” అని మాత్రం అంటాడు మెకానిక్.

మోకాళ్ల మీద కూచుని ముందు ప్లగ్గు పీకేస్తాడు. ప్లగ్గు పీకకుండా ఏ పనీ ముట్టుకోవద్దని మీకు చెప్పడు, చేసి చూపిస్తాడు. మిషన్ కింద కుడి మూలకు చిన్న మూత. తీస్తే లోపల గుండ్రటి ఫిల్టర్, పక్కన బొటనవేలు లావు రబ్బరు పైపు. “టార్చి పట్టుండ్రి సారూ.” ఆమె వెడల్పాటి పళ్లెం తెచ్చి కింద పెడుతుంది. పైపు బిరడా తీయగానే గోరువెచ్చటి సబ్బు నీళ్లు. పళ్లెం నిండుతుంది, బకెట్‌లో పోస్తారు, మళ్లీ నిండుతుంది. పావుగంట ఇదే పని. బయట అరుగు మీది ఆడవాళ్లు ఒక్కొక్కరే తొంగి చూసి పోతారు.

నీళ్లు ఆగాక ఫిల్టర్ తిప్పి లాగుతాడు. దాంతోపాటు ఒక పిన్నీసు, ఒక నాణెం, నానిపోయిన తునికాకు ముక్కలు. నాణెం కడిగి కెమెరా ముందు పెడితే దుబాయ్ ముఖం వెలిగిపోతుంది. కూజా బొమ్మ ఉన్న దిర్హం. ఆయన పోయినసారి సెలవులో వదిలిపెట్టిన పాంటు జేబులోది.

అసలు దొంగ ఇంకా లోపలే ఉంది. ఫిల్టర్ తీసిన రంధ్రంలోకి మీరు టార్చి వేస్తారు. అడుగున పంపు రెక్క. వేలు పెట్టి తిప్పితే తిరగదు. మెకానిక్ ముక్కు పట్టకారుతో మెల్లగా లాగుతుంటే బయటికొస్తుంది: దారం. మూరలకొద్దీ బీడీ దారం. ఒడిలోంచి చీర మడతల్లోకి, చీరతోపాటు డ్రమ్ములోకి, రంధ్రాల్లోంచి టబ్బులోకి, అక్కడి నుంచి పంపు దాకా చేరి రెక్కకు చుట్టుకుని బిగుసుకుపోయింది. పంపు తిరగలేదు, నీళ్లు పోలేదు. టబ్బు అడుగు నుంచి పైకి పోయే సన్నటి గాలి గొట్టం కొసన నీటి మట్టం చూసే సెన్సర్ ఉంటుంది. నీళ్లు ఉన్నాయని అది చెబుతున్నంతసేపు బోర్డు తలుపు విడవదు.

“అక్కా, నీ లాకు మంచిగున్నది. నీళ్లు ఉన్నయని తెరుస్తలేదు, గంతే. నీ మరిది దారం తెగుడే మంచిదైంది.”

ఫిల్టర్ కడిగి బిగించి, ప్లగ్గు పెట్టి, నీళ్లు బయటికి పంపే ప్రోగ్రామ్ మీద తిప్పుతాడు. పంపు గుర్రుమంటుంది. వెనక పైపు మోరీలోకి కక్కుతుంది. మిషన్ ఆపేసి అందరూ చూస్తూ నిలబడతారు. దుబాయ్‌లో కూడా మాట లేదు. నిమిషం దాటాక, టక్.

తలుపు రెండు వేళ్లతో తెరుచుకుంటుంది. లాకు మార్చనందుకు దుబాయ్ ఆయనకు ఇంకా అనుమానంగానే ఉంది. పని కూలి ఇస్తూ ఆమె అడుగుతుంది, ఇకముందు ఏం చేయాలని. బీడీలు చేసిన చీర దులిపి వెయ్యాలి, నెలకోసారి ఫిల్టర్ తీసి కడగాలి. అంతకుమించి ఏమీ లేదు. ఈ పాటి సంగతి మిషన్ అమ్మినవాళ్లు చెప్పరెందుకో. వారంటీ కార్డు మీద మాత్రం ముద్ర గట్టిగా వేస్తారు.

*

తర్వాతి పని సిరిసిల్లలో. కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి మీదుగా వేములవాడ. రాజన్న గుడి దారిలో జనం, కొబ్బరికాయల అంగళ్లు, కోడెను పట్టుకుని నడుస్తున్న మొక్కులవాళ్లు. బండి ఆపకుండా సిరిసిల్ల దారి పడతారు.

బీవై నగర్‌లోకి తిరగగానే మాట వినపడదు. ప్రతి గోడ వెనకా మరమగ్గాలు. ఇక్కడివాళ్లు సాంచెలంటారు. తలుపులు మూసి ఉన్నా రోడ్డు మీదికి ఆ టకటక వస్తూనే ఉంటుంది. 2017 నుంచి 2023 దాకా బతుకమ్మ చీరలు నేసి రాష్ట్రమంతటికీ పంపిన పేట ఇది. మీరు వెళ్లిన ఇల్లు ఒక ఆసామిది. ముందు గది కార్ఖానా, వెనక గదులు సంసారం. కార్ఖానాలో సాంచెలు నడుస్తున్నాయి. గోడవారన ఒకామె కండెలు చుడుతోంది. వాషింగ్ మిషన్ పెరటి వైపు రేకుల కింద ఉంది.

“రా బిడ్డా” అంటాడు ఆసామి. యాభై దాటినాయన. మెకానిక్ ఆయన్ని కాకా అంటాడు. తలుపు మూసినా ఎర్రర్ చూపిస్తోందని పోయిన నెలలో ఒకతన్ని పిలిచారట. అతను లాకు మార్చాడు. నాలుగు రోజులు నడిచి మళ్లీ అదే. రెండోసారి వచ్చి ఏదో చేశాడు, అప్పటినుంచి ఎర్రర్ లేదు.

“మరి ఇప్పుడేం బాధ కాకా?”

“బాధ ఏందో నువ్వే సూడు.” ఖాళీ మిషన్ స్టార్ట్ చేస్తాడు. డ్రమ్ము తిరగడం మొదలవుతుంది. ఆయన తలుపు పిడి పట్టి లాగుతాడు. తలుపు తెరుచుకుంటుంది. డ్రమ్ము తిరుగుతూనే ఉంది.

మెకానిక్ ఒక్క గెంతులో ప్లగ్గు పీకేస్తాడు. మొదటిసారి అతని ముఖంలో నవ్వు పోవడం చూస్తారు మీరు.

“డైరెక్ట్ జేసిండు” అంటాడు.

తలుపు తెరిచి రబ్బరు అంచు చుట్టూ ఉన్న స్ప్రింగు తీగను స్క్రూడ్రైవర్‌తో లేపి తీస్తాడు. కుడి పక్క రబ్బరు వెనక్కి మడిచి, రెండు స్టార్ స్క్రూలు విప్పి, చెయ్యి లోపలికి పోనిచ్చి లాకును బయటికి లాగుతాడు. మీ టార్చి వెలుగులో కనపడుతుంది. రెండు వైర్లు చెక్కి, మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి ఉన్నాయి. తలుపు బిగిసిందని లాకు చెప్పాల్సిన కబురును ఆ ముడి ఎప్పుడూ చెబుతూనే ఉంది. లాకు ఉన్నా లేనట్టే.

డ్రమ్ము అడ్డం 48 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 1200 చుట్లు అనుకుని లెక్క వేయండి. అంచు గంటకు 108 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంది. తడిసిన దుప్పటి అందులో ఉండగా ఎవరైనా చెయ్యి పెడితే చెయ్యి తిరిగి రాదు. వాషింగ్ మిషన్ల భద్రత మీద ప్రపంచమంతా వాడే ప్రమాణం ఒకటుంది, ఐఈసీ 60335 లోని 2-7వ భాగం. తిరిగే డ్రమ్ము దగ్గరికి చెయ్యి పోకూడదన్న షరతు అందులోది. ఆ షరతును నల్ల టేపు ముక్కతో తీసేశారు ఇక్కడ. పెరట్లో మూడేళ్ల మనవరాలు చెంబుతో ఆడుకుంటోంది.

ఆసామికి ఈ లెక్క అక్కర్లేదు. మెకానిక్ ఒక్క మాట చెప్పగానే ఆయనకు అర్థమైపోయింది. “అంటే సాంచెకు దెబ్బ ఆగకుండ జేసినట్టు గదా” అంటూ మిమ్మల్ని కార్ఖానాలోకి తీసుకుపోతాడు. నడుస్తున్న సాంచె పక్కన నిలబడి చూపిస్తాడు. నాడె ఈ పెట్టె నుంచి ఆ పెట్టెకు పోవాలి. నడిమధ్య పడుగులో చిక్కితే సాంచె దబ్బుమని తనంతట తాను ఆగిపోతుంది. ఆగకపోతే పడుగు పోగులన్నీ తెగుతాయి, లేదా నాడె ఎగిరి మనిషికి తగులుతుంది. పేక దారం తెగినా అంతే, చిన్న ఫోర్కు దారం లేదని పసిగట్టి సాంచెను ఆపుతుంది. “దారం మీటర్లకొద్ది పోతదని కొందరు ఆ ఫోర్కు తీసి పక్కకు పెడుతరు బిడ్డా. ఆపకుండ నడుస్తదని. బట్ట సూస్తే సగం జాలి.”

తిరిగి పెరట్లోకి వస్తారు. ఎర్రర్ అసలెందుకు వచ్చిందో ఇంకా తేలలేదు. ఆసామి అనుమానం కరెంటు మీద. “లో వోల్టేజి అయి ఉంటది.”

సిరిసిల్లలో కరెంటు ముచ్చట వేరు. మిగతా ఉత్తర తెలంగాణలో ఇంటింటికీ కరెంటు ఇచ్చేది డిస్కం. ఇక్కడ ఇచ్చేది సెస్ అనే సహకార విద్యుత్ సరఫరా సంఘం. గ్రామీణ విద్యుదీకరణ తొలినాళ్లలో పుట్టి ఇంకా నడుస్తున్న సంఘం. వాడకందారులే సభ్యులు, డైరెక్టర్లను ఓట్లేసి ఎన్నుకుంటారు. కాబట్టి కరెంటును తిట్టడం ఇక్కడ కొంచెం ఇంటి మనిషిని తిట్టినట్టుంటుంది.

వోల్టేజి అనుమానం తీసిపారేయదగ్గది కాదు. 230 ఉండాల్సిన చోట 170 వస్తే, చల్లటి బిళ్ల మొదట్లో పుట్టించే వేడి సగానికి కొంచెం పైన మాత్రమే ఉంటుంది, వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి కాబట్టి. రేకు వంగడం ఆలస్యమవుతుంది, ఈలోగా బోర్డు ఓపిక అయిపోయి ఎర్రర్ ఇస్తుంది. అందుకే మెకానిక్ ముందు గోడ ప్లగ్గులోనే మీటరు పెడతాడు. సాంచెలన్నీ నడుస్తుండగా 226. కరెంటు నిర్దోషి.

పాత లాకు ఏమైందని అడుగుతాడు. అదృష్టం, కాకా దాన్ని పారేయలేదు. మీటరు పెడితే 1100 ఓములు. కొత్త లాకు 980. రెండూ బాగానే ఉన్నాయి. బాగున్న లాకు తీసి బాగున్న లాకు పెట్టారన్నమాట.

నల్ల టేపు విప్పి, మెలి తీసి, వైర్లను మళ్లీ దేని దారిన దాన్ని చేస్తాడు. కప్లర్ లాకుకు తగిలించకుండా వదిలేసి, మీటరు ఏసీ వోల్టుల మీద పెట్టి, ముళ్లు కప్లర్‌లో గుచ్చి, మిమ్మల్ని వెనక్కి జరగమంటాడు. ఇది కరెంటు ఉండగా చేసే పరీక్ష, నేర్చినవాడు చేయాల్సింది. ప్లగ్గు పెట్టి స్టార్ట్ నొక్కమంటాడు. తెర మీద 74.

“సూసినవా, లో వోల్టేజే!” అంటాడు ఆసామి.

మెకానిక్ సంచిలోంచి హోల్డరుకు బిగించిన మామూలు బల్బు తీస్తాడు. దాని రెండు వైర్లనూ మీటరు ముళ్ల పక్కనే కలుపుతాడు. మళ్లీ స్టార్ట్. బల్బు వెలగదు. 74 కాస్తా సున్నా అయిపోతుంది.

ఈ ముచ్చట తెలియక ఎన్ని మంచి బోర్డులు తుక్కులోకి పోతాయో. తెగిన వైరు, కరెంటు ఉన్న వైర్ల కట్టలో వాటి పక్కనే పడుకుని ఉంటే దాంట్లో ఉత్తుత్తి వోల్టేజి పుడుతుంది. డిజిటల్ మీటరు అసలు కరెంటు తాగదు కాబట్టి దాన్ని నిజమనుకుని చూపిస్తుంది. ఒక బల్బు తగిలించి పని చెప్పగానే ఆ దయ్యం మాయమవుతుంది. మెకానిక్ పై మూత విప్పి, బోర్డు దగ్గర అవే రెండు వైర్ల మొదళ్లలో బల్బు పెడతాడు. స్టార్ట్. బల్బు నిండుగా వెలుగుతుంది. బోర్డు పంపుతోంది, లాకు దాకా చేరడం లేదు. తప్పు నడి దారిలో ఉంది.

ప్లగ్గు పీకి, మిషన్ను గోడ నుంచి జరిపి, మెల్లగా పక్కకు వాలుస్తారు మీరిద్దరూ. అడుగు భాగం పూర్తిగా ఖాళీ. కింద దూది ముక్కలు, పాలిస్టర్ దారం పోగులు, నమిలిన ప్లాస్టిక్ పొట్టు. ఎలుక గూడు. పైకి పోయే వైర్ల కట్టలో ఒక నీలం వైరు రాగి కనపడేలా కొరికి ఉంది. తీగ పూర్తిగా తెగి, కొసలు రెండూ ఒకదానికొకటి ఆనీ ఆనకుండా ఉన్నాయి. మిషన్ అదిరినప్పుడు కలుస్తాయి, విడిపోతాయి. కొత్త లాకు పెట్టినప్పుడు కదిలించడంతో కొసలు ఆనుకున్నాయి, నాలుగు రోజులు నడిచింది. ఆ నాలుగు రోజులు చూసి లాకే పోయిందని అందరూ నమ్మారు.

ఇక పని సులువు. తెగిన చోటు కోసి, కొత్త ముక్క వేసి టంకం పెడతాడు. ముందే ఎక్కించి ఉంచిన స్లీవును అతుకు మీదికి జరిపి లైటర్‌తో వేడి చేస్తే అది ముడుచుకుని పట్టేస్తుంది. కట్టను బాడీ అంచుకు దూరంగా టై వేసి కడతాడు. కాకా లోపలి నుంచి ఇనుప జాలీ ముక్క తెస్తాడు, దాన్ని అడుగున స్క్రూలతో బిగిస్తారు. రబ్బరు అంచు యథాస్థానంలో కూచోబెట్టి స్ప్రింగు తీగ ఎక్కించడానికి మాత్రం తంటాలు పడాలి. ఒక పక్క ఎక్కిస్తే ఇంకో పక్క ఊడుతుంది. మీరు రెండు బొటనవేళ్లతో కింద పట్టుకుంటే అతను పై నుంచి లాక్కొస్తాడు.

తలుపు మూస్తారు. స్టార్ట్ నొక్కుతారు. కార్ఖానాలోని సాంచెల మోతలో అది వినపడదేమోనని మీరు చెవి మిషన్‌కు ఆనిస్తారు. టక్. నీళ్లు దిగుతున్న చప్పుడు.

మెకానిక్‌కు అదొక్కటే చాలదు. తలుపు పిడి పట్టి గట్టిగా లాగుతాడు. రాదు. నీళ్లు బయటికి పంపి, మిషన్ ఆపి, గడియారం చూసుకుని, రెండు నిమిషాల తర్వాత మళ్లీ లాగుతాడు. వస్తుంది. తలుపు తెరిచి స్టార్ట్ నొక్కుతాడు. డ్రమ్ము కదలదు, తెర మీద ఎర్రర్ వస్తుంది. ఎర్రర్ రావడం చూసి ఒక మనిషి సంతోషించడం మీరు ఇప్పుడే చూస్తున్నారు.

“పాత లాకు నీ దగ్గర్నే ఉంచుకో కాకా. మంచిదే. రేపు ఎప్పుడన్న పనికొస్తది.”

పైసలు ఎంతంటే మామూలు కూలీయే చెబుతాడు. లాకు ధర వందల్లో ఉంటుంది, బోర్డు ధర వేలల్లో. ఒక జానెడు వైరుకు ఏం తీసుకుంటాడు?

మీ ఇంట్లో తలుపు తెరుచుకోకపోతే ముందు అద్దంలోంచి నీళ్లున్నాయేమో చూడండి, ప్లగ్గు పీకి, పక్క పైపులోంచి నీళ్లు వదిలి, ఫిల్టర్ విప్పండి. తలుపు మూసినా ఎర్రర్ వస్తే బట్ట కొస ఇరుక్కుందేమో, కొక్కెం విరిగిందేమో చూడండి. ఆ తర్వాతే మెకానిక్‌ను పిలవండి. లాకు మారిస్తే పాతది అడిగి తీసుకోండి. పని అయిపోయాక తలుపు తెరిచిపెట్టి స్టార్ట్ నొక్కమనండి. డ్రమ్ము తిరిగిందా, ఆ మిషన్‌కు లాకు లేనట్టే. అతని ఎదుటే ప్లగ్గు పీకించి, ఆ ముడి విప్పించి, అప్పుడు పైసలివ్వండి.